ఎడమ చేతి సముద్రం

పాత పత్రిక కాగితాన్ని నలిపి వెనిగర్‌లో ముంచి, ఎగ్బర్ట్ మినాట్ కారు ఎడమవైపు అద్దాలు తుడుస్తున్నాడు. ముందు కిటికీ అయింది, వెనక కిటికీ కూడా అయింది. కాస్త దూరం జరిగి తల వంచి చూసుకుని, మళ్ళీ ముందు కిటికీ దగ్గరికే వచ్చాడు. అరవై మూడేళ్ళ మనిషి. పొట్టి. మెడకూ భుజాలకూ మధ్య పెద్ద తేడా ఉండదు. భార్య వెర్నీస్ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా కాలరు చెమటకి పాడవకుండా మెడచుట్టూ జేబురుమాలు కట్టుకుంటాడు. ఎడమవైపు పని మూడుసార్లు సరిచూసుకున్నాక, కుడివైపు అద్దాల మీద తడిగుడ్డ ఒకసారి అటూ ఇటూ ఆడించాడు. ఏదో అయిందనిపించాడంతే. తన కిటికీకి ఎప్పుడూ అంతకన్నా మర్యాద జరగలేదు.

ఎందుకలా అని ఎవరైనా పొరపాటున అడిగితే అరగంట చెబుతాడు. మనం నాలుగు ముక్కల్లో కానిద్దాం. జమైకాలో బండ్లు రోడ్డుకి ఎడమపక్క నడుస్తాయి. తోలేవాడు కుడివైపు, వచ్చిన అతిథి ఎడమవైపు. కింగ్‌స్టన్ నుంచి స్టోనీ హిల్ ఎక్కి, ఏటి లోయ వెంట ఉత్తరపు ఒడ్డుకి దిగి, అక్కణ్ణించి తూర్పుకొసంతా చుట్టి దక్షిణపు ఒడ్డు మీదుగా ఇల్లు చేరితే, సముద్రం రోజంతా అతిథి మోచేతి పక్కనే ఉంటుంది. మధ్యలో ఎదురుబండి కూడా అడ్డం రాదు. అదే దారి తిరగేసి వెళితే ముందు డ్రైవరు తల, తర్వాత ఎదురొచ్చే లారీలు, వాటి తర్వాత మిగిలితే సముద్రం. అందుకని ఎగ్బర్ట్ ముప్ఫై ఒక్కేళ్ళుగా దేశాన్ని కుడిచేతికి పెట్టుకుని ప్రదక్షిణం చేసినట్టు ఒకే వైపు తిరుగుతున్నాడు.

మిగతా డ్రైవర్లు కొత్త పెద్ద రోడ్డెక్కి గంటలో అవతలి ఒడ్డున దించేసి వస్తారు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అని ఇతన్ని ఆటపట్టిస్తారు. ఎప్పుడూ ఒకేవైపు తిరుగుతాడని ‘గడియారం’ అని పేరు కూడా పెట్టారు. ఎగ్బర్ట్‌కి కోపం రాదు. గడియారాన్ని తిట్టేవాడు కూడా టైము దాన్నే అడుగుతాడు కదా అంటాడు. ఏ మలుపులో రెండో గేరు వెయ్యాలో, ఏ వంతెన మీద ఆపితే లోయ మొత్తం కనిపిస్తుందో, ఏ ఊళ్ళో మధ్యాహ్నం రెండింటికి నీళ్ళు రెండు రంగులుగా విడిపోతాయో అతనికి కంఠతా వచ్చు. తన బండి దిగినవాడు ‘నేనది చూడలేదే’ అన్న రోజు ఒక్కటీ లేదని అతని ధీమా.

అయితే ఇంతా చేసి, అతను మాత్రం ఏమీ చూడడు. ఆ రోడ్ల మీద మలుపు మలుపుకీ హారన్ కొట్టాలి, అవతలినుంచి జవాబు రాకపోతేనే తిరగాలి. కన్ను పక్కకి పోతే బండి లోయలోకి పోతుంది. ‘చూడ్డం వాళ్ళ పని, తోలడం నా పని’ అని వెర్నీస్‌తో ఎన్నోసార్లు అన్నాడు. ఆ మాటలో ఏ బాధా లేదు. కడుపు నిండా తిని, వేళకి పడుకుని, ఇష్టమైన పని చేసుకునే మనిషి అతను.

ఆ అక్టోబరు ఉదయం ఏడు కాకుండానే కింగ్‌స్టన్‌లో వైన్‌యార్డ్ టౌన్ పేటలో ఒక ఆకుపచ్చ గేటు ముందు బండి ఆపాడు. గేటు దగ్గర మిస్ ఇసిల్డా డేక్రస్ చర్చికి వెళ్ళే టోపీ పెట్టుకుని, చేతిసంచి రెండు చేతులా పట్టుకుని అప్పటికే నిలబడి ఉంది. డెబ్బై ఆరేళ్ళు. నలభై ఏళ్ళు బడిపిల్లల యూనిఫారాలు కుట్టిన మనిషి. బ్యాంకులో పనిచేసే మేనగోడలు నోవ్‌లెట్ ఫోన్‌లో చెప్పింది: అత్తయ్యకి చూపు పోతోంది, క్రిస్మస్ దాకా నిలిస్తే గొప్పన్నాడు డాక్టరు, పదకొండో ఏట వదిలొచ్చిన, తూర్పుకొసనున్న మాంచియోనీల్ సముద్రం ఒక్కసారి చూస్తే చాలంటోంది.

‘‘అదెంత పనమ్మా, నా చేతిలో పెట్టు,’’ అన్నాడు ఎగ్బర్ట్ అప్పుడు.

బండి స్టోనీ హిల్ ఎక్కుతోంది. మొదటి పెద్ద మలుపులో అతను అలవాటు ప్రకారం వేగం తగ్గించాడు.

‘‘ఎడమవైపు చూడండి మిస్ ఇసిల్డా. కింగ్‌స్టనంతా మీ కాళ్ళకిందే ఉంది.’’

ఆవిడ కదల్లేదు. రెండో మలుపులోనూ చెప్పాడు. ఈసారి ఆవిడ నడుం దగ్గర్నుంచి మొత్తం ఒళ్ళు తిప్పి, గడ్డం భుజానికి ఆనించి, కిటికీలోకి చూసి ‘‘ఊఁ’’ అంది. ఎగ్బర్ట్‌కి మనసు చివుక్కుమంది. పొద్దున్న మూడుసార్లు తుడిచిన అద్దం అది.

‘‘మెడ పట్టిందా అమ్మా?’’

‘‘మెడ బంగారంలా ఉంది నాయనా. కన్నే లేదు. ఎడమది పోయి ఆరేళ్ళయింది. నోవ్‌లెట్ చెప్పలేదూ? ఇప్పుడు పోతున్నది కుడిది.’’

ఎగ్బర్ట్ స్టోనీ హిల్ కూడలిలో బండి పక్కకి తీసి ఆపేశాడు. వెంటనే నోవ్‌లెట్‌కి ఫోన్ చేశాడు.

‘‘ఏ కన్నో ముందే చెప్పాలి కదమ్మా!’’

‘‘ఏ కన్నైతే ఏముంది మిస్టర్ మినాట్? కారు తోలేది మీరు కదా!’’

ఫోన్ పెట్టేసి స్టీరింగ్ మీద వేళ్ళతో దరువేస్తూ కూర్చున్నాడు. ఈ దారిన వెళితే రోజంతా సముద్రం ఆవిడ పోయిన కంటి వైపే ఉంటుంది. డెబ్బై మైళ్ళు ఆ ముసలి ఒళ్ళు మెలితిప్పుకుని చూడాలి.

‘‘నన్ను వెనక్కి తిప్పి కూర్చోబెడతావా ఏంటి, సంతకి తోలుకుపోయే మేకని కూర్చోబెట్టినట్టు?’’ అంది ఆవిడ అతని అవస్థ కనిపెట్టి. ‘‘వెనక సీటు మాత్రం వద్దు. వెనక కూర్చుంటే నా కడుపు నా మాట వినదు. పోనీలే నాయనా, అక్కడ దిగి ఒక్క నిమిషం చూస్తా, అదే పదివేలు.’’

పోనీలే అన్న మాటే అతనికి గుచ్చుకుంది. తన బండిలో కూర్చుని ఎవరూ ఆ మాట అనలేదు. హారన్ కొట్టి, స్టీరింగ్ కుడికి కోసి, ఎక్కిన కొండ దిగడానికి బండి తిప్పాడు. కూడలిలో టీ తాగుతున్న డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. అందరిలోకీ పొడుగాటివాడు ఎవర్టన్ ముందుగా తేరుకున్నాడు.

‘‘గడియారం వెనక్కి తిరుగుతోందిరోయ్! నిన్నటి పనులు మిగిలున్నవాళ్ళు చేసుకోండి!’’

ఎగ్బర్ట్ కిటికీలోంచి చెయ్యి ఊపాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

తూర్పుగా పోయే దక్షిణపు రోడ్డు బుల్ బే మీదుగానే, అతని ఇంటి ముందునుంచే వెళుతుంది. వెర్నీస్ తీగ మీద దుప్పటి ఆరేస్తోంది. సాయంత్రం ఆరింటికి అటునుంచి రావలసిన బండి పొద్దున్న ఎనిమిదిన్నరకి ఇటునుంచి రావడం చూసి, నోట్లో క్లిప్పు తీసి చేత్తో పట్టుకుంది.

‘‘ఏం మర్చిపోయారు?’’

‘‘వెనిగర్ ఇటివ్వు.’’

తన కిటికీ అద్దం తుడవడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఒక్కేళ్ళ నిర్లక్ష్యం ఒక్క కాగితంతో పోతుందా? మూడు కాగితాలు నల్లబడ్డాయి. ఈలోగా వెర్నీస్, మిస్ ఇసిల్డా ఒకరి పుట్టింటి వివరాలు ఒకరు కనుక్కుని, కుట్టుమిషన్ల గురించి మాట్లాడుకుని, ఎప్పటినుంచో స్నేహితుల్లా అయిపోయారు. విషయం విన్న వెర్నీస్ మొగుడి వైపు ఎగాదిగా చూసింది.

‘‘అద్దం సరే, మధ్యలో మీ తలకాయో? దాన్నేం చేస్తారు, వెనిగర్‌తో తుడుస్తారా?’’

నిజమే. ఎగ్బర్ట్ టోపీ తీసి వెర్నీస్‌కిచ్చాడు. సీటు ఒక మెట్టు వెనక్కి వాల్చాడు. మిస్ ఇసిల్డా తన సీటు రెండు మెట్లు ముందుకి జరిపించుకుంది. ఇప్పుడు ఆవిడ కుడికన్ను అతని ఛాతీ మీదుగా కిటికీలోకి సూటిగా పోతుంది.

‘‘ఎలా ఉంది?’’ అడిగాడు యల్లాస్ ఉప్పు మడుగుల దగ్గర.

‘‘నీ ముక్కు తప్ప అంతా బావుంది.’’

అతను తలని సీటుకి ఇంకాస్త అదిమాడు. అంత కష్టంలోనూ నవ్వొచ్చింది.

మొరాంట్ బే దాటాక అసలు చిక్కు తలెత్తింది. వెనకనించి వచ్చే వెలుగులో ఆవిడ బానే చూస్తోంది. ఎండ సముద్రం మీద పడి ఎదురుగా మెరిస్తే మాత్రం కన్ను నీరుకారి అంతా తెల్లగా అలుక్కుపోతోంది. ‘‘సున్నం కొట్టిన గోడ చూసినట్టుంది నాయనా,’’ అంది. ఇలాగే పోతే పదిన్నరకల్లా మాంచియోనీల్ చేరతారు. ఆ వేళకి సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉంటాడు. ఎండ నెత్తి దాటేదాకా ఆగుదామా అంటే, ఆ కొండల పక్కన మధ్యాహ్నం వాన తప్పదు. వాన దిగితే సముద్రం, ఆకాశం, ఊరు అంతా ఒకటే బూడిదరంగు. తొందరపడితే గుడ్డి వెలుగు, ఆగితే వాన. అటునుంచి వస్తే ఎప్పుడు రావాలో నిమిషాలతో సహా తెలిసిన మనిషికి, ఇటునుంచి వస్తే ఎప్పుడు రావాలో ముక్క తెలియదు. ముప్ఫై ఒక్కేళ్ళ చదువూ ఆ పూటకి అక్కరకి రాలేదు.

పోర్ట్ మొరాంట్‌లో మిస్ పెర్లీన్ పూటకూళ్ళ దుకాణం ముందు ఆపాడు. వేయించిన చిన్నచేపలు, కర్రపెండలం రొట్టె, కాల్చిన సీమపనస తెచ్చి పెట్టింది పెర్లీన్. మిస్ ఇసిల్డా ముల్లు ముల్లూ ఏరుకుంటూ తృప్తిగా తింటోంది. ఎగ్బర్ట్ తినడం మానేసి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని జాన్ క్రో కొండల వైపు చూస్తున్నాడు. గిన్నె ఎత్తబోతూ పెర్లీన్ ఆగింది.

‘‘ఏంటి మిస్టర్ మినాట్, కొండకి అప్పు పడ్డావా? అలా చూస్తున్నావు?’’

దారి విషయంలో ఎగ్బర్ట్ ఇంకొకరిని అడగడం ఎవరూ చూడలేదు. ఇప్పుడు గొంతు సవరించుకుని అడిగాడు. సంగతంతా చెప్పి, ‘‘ఎప్పుడు బయల్దేరమంటావు పెర్లీన్?’’ అన్నాడు.

పెర్లీన్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఆవిడ మొగుడు ఇరవై ఏళ్ళుగా మాంచియోనీల్ పడవల మీద చేపలకి పోతున్నాడు.

‘‘ఎండా కాదు, వానా కాదు. మధ్యది పట్టుకోవాలి. వాన ముందర మబ్బు జారి సూర్యుణ్ణి కప్పుతుంది చూడు, అప్పుడో అరగంట ఉంటుంది. కడిగి ఆరేసినట్టు అన్నీ ఉన్నవి ఉన్నట్టు కనపడతాయి. మావాళ్ళు ఆ అరగంటలోనే దూరపు వలల బెండ్లు వెతుక్కుంటారు.’’ కొండకేసి కళ్ళు చికిలించి చూసింది. ‘‘మబ్బు మెడ దాకా దిగింది. అక్కడికి నలభై నిమిషాలు. ఇంకా కూర్చున్నావేం?’’

అంతే. నోట్లో ముద్దతోనే లేచాడు. మిస్ ఇసిల్డా మిగిలిన రొట్టె రుమాల్లో చుట్టుకుంది.

గోల్డెన్ గ్రోవ్ దాకా గుంతలే. వాటిని తప్పిస్తూ, మలుపు మలుపుకీ హారన్ కొడుతూ తోలాడు. ఒక కొబ్బరికాయల లారీ దారి నిండా పరుచుకుని నింపాదిగా పోతోంది. మూడు మైళ్ళు దాని వెనకే. అద్దంలో చూస్తే మబ్బు కొండ దిగి చెరకు తోటల మీదకి వచ్చేస్తోంది. ఎగ్బర్ట్‌కి తలప్రాణం తోకకొచ్చింది.

‘‘నాయనా, కంగారు పడకు. అరవై అయిదేళ్ళు ఆగింది నేను.’’

‘‘మీరాగారమ్మా. మబ్బు ఆగదే!’’

హెక్టర్స్ రివర్ దగ్గర లారీ పక్క వీధిలోకి తిరిగింది. రోడ్డు సముద్రం పక్కకొచ్చింది. అప్పుడే, ఎవరో దీపం వత్తి తగ్గించినట్టు, వెలుగు మెత్తబడింది. ఎండ పోయింది. చినుకు లేదు. గుట్ట ఎక్కి చివరి మలుపు తిరగ్గానే మాంచియోనీల్ అఖాతం మొత్తం ఒక్కసారి ఎదుట పడింది.

ఎగ్బర్ట్ బ్రేకు మీద కాలుపెట్టి అలాగే ఉండిపోయాడు. ఈ మలుపు అతను కొన్ని వేలసార్లు తిరిగాడు. ప్రతిసారీ అటునుంచే, దీనికి వీపు చూపిస్తూనే. ఇలాంటిది ఒకటి తన వెనక ఉందని అతనికి తెలియనే తెలియదు.

బాదం చెట్టు కింద ఆపి, ఆవిడ చెయ్యి పట్టుకుని దించాడు. మిస్ ఇసిల్డా టోపీ తీసేసింది. కుడికన్ను తుడుచుకుని, తల కొంచెం ఎడమకి తిప్పి చూడ్డం మొదలుపెట్టింది. తర్వాత ఒక్కొక్కటీ చెప్పింది.

‘‘ఆ నల్లరాయి. మా నాన్న పడవ దానికే కట్టేవాడు. ఆ గుట్టమీద బడి ఉండేది, లేదిప్పుడు. ఏటి నీళ్ళు కలిసే చోట ఎర్రగా ఉంది చూడు, పైన కొండల్లో వాన పడ్డట్టే. అమ్మ అది చూసే ఆరేసిన బట్టలు తీసేది.’’ ఆగింది. ‘‘రాయి పక్కన ఆ రంగు ఏంటి నాయనా? నాకు పచ్చగా కనిపిస్తోంది. నిజమా, కన్ను చేసే మోసమా?’’

‘‘నిజమేనమ్మా. పచ్చే. లేత అరిటాకు రంగు. దాని పక్కన నీలం. నీలం కాదు...’’ ఎగ్బర్ట్ వెతుక్కున్నాడు. ముప్ఫై ఒక్కేళ్ళు ‘చూడండి’ అనడమే తప్ప ఏముందో చెప్పవలసిన పని ఎప్పుడూ పడలేదు. ‘‘కొత్త యూనిఫారం నీలం. అక్కడక్కడ ఉతికిన యూనిఫారం. పైన తెల్ల నురగ, దారం కుట్టినట్టు పోతోంది. ఎంత బావుందమ్మా! అయ్యబాబోయ్, ఎంత బావుంది!’’

ఆవిడ సముద్రం మీంచి కన్ను తిప్పి అతన్ని చూసింది.

‘‘అదేంటి, నువ్వు రోజూ చూసేదేగా?’’

‘‘లేదమ్మా,’’ అన్నాడు. ‘‘ఇవాళే చూశాను.’’

మిస్ ఇసిల్డా పకపకా నవ్వింది. నవ్వి, రుమాల్లోంచి రొట్టె తీసి సగం అతనికి విరిచిచ్చింది. ఇద్దరూ నిలబడి తింటూ చూశారు. పెర్లీన్ చెప్పిన అరగంటలో పద్దెనిమిది నిమిషాలు దక్కాయి. తర్వాత పెద్ద చినుకులు టపటపా రాలాయి. ఆవిడ తొందరపడకుండా టోపీ పెట్టుకుంది.

‘‘చాలు నాయనా. ఇప్పుడు అది పోతే పోనీ,’’ అంది కంటిని ఉద్దేశించి.

ఉత్తరపు ఒడ్డంతా వానలోనే గడిచింది. ఆవిడ కింగ్‌స్టన్ దాకా గాఢంగా నిద్రపోయింది. ఆకుపచ్చ గేటు దగ్గర దిగుతూ అతని చెంప నిమిరింది. ఆ రాత్రి భోజనం దగ్గర ఎగ్బర్ట్ వెర్నీస్‌కి ఆ రంగులు చెప్పబోయి, చెప్పలేక, ‘‘ఆదివారం నిన్నే తీసుకెళతా,’’ అన్నాడు. పెళ్ళయిన ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆవిణ్ణి ఊరికే బండెక్కించడం అదే మొదలు. చెప్పినట్టే తీసుకెళ్ళాడు. ఆ ఒక్క ఆదివారమే కాదు, మళ్ళీ మళ్ళీ. అతిథులుంటే పాత దారి, వెర్నీస్ ఉంటే తిరుగుదారి. డ్రైవర్లు ఆ జోకు నెలరోజులు నవ్వుకుని విసిగిపోయారు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, మధ్యాహ్నం చేపలకూరతో రెండుసార్లు వడ్డించుకుని తిని, వరండాలో నడుం వాల్చిన ఎగ్బర్ట్ మళ్ళీ లేవలేదు. ముఖంలో ఏ కష్టమూ లేదు. నిద్రపోతున్నాడనుకుని వెర్నీస్ గిన్నెలు చప్పుడు కాకుండా కడిగింది.

అతని తల్లి సమాధి పక్కనే, మాంచియోనీల్ దాటాక ఉన్న లాంగ్ బేలో పాతిపెట్టాలని ముందే చెప్పుకున్నారు. పెట్టె బండికెక్కించాక డ్రైవర్లలో తగువు మొదలైంది. ఎవర్టన్ ఏడుస్తూనే పట్టుపట్టాడు. ‘‘స్టోనీ హిల్ మీంచే పోవాలి. దూరమైతే అవనీ. గడియారం ఎటు తిరిగిందో అటే తిప్పాలి. చివరిరోజున మర్యాద తప్పుతామా?’’

అందరూ వెర్నీస్ వైపు చూశారు. ఆవిడ నల్లబట్టల్లో మిస్ ఇసిల్డా చెయ్యి పట్టుకుని ఉంది. మిస్ ఇసిల్డా కుడికన్ను క్రిస్మస్ ముందే వెళ్ళిపోయింది.

‘‘ఇటే పోనీ ఎవర్టన్,’’ అంది వెర్నీస్ తూర్పు చూపిస్తూ. ‘‘ముప్ఫై ఒక్కేళ్ళు సముద్రం బండెక్కినవాళ్ళవైపు పెట్టారు. ఇవాళ ఆయనవైపు ఉండనీ.’’

పదకొండు బండ్లు దక్షిణపు ఒడ్డు వెంట వరసగా కదిలాయి. సముద్రం దారి పొడుగునా కుడిచేతి పక్కనే వచ్చింది. మాంచియోనీల్ గుట్ట మీది మలుపు తిరగ్గానే, ఎవరూ చెప్పకుండానే ముందు బండి ఆగింది. దాని వెనక అన్నీ ఆగాయి. డ్రైవర్లు ఒక్కొక్కళ్ళే దిగి, టోపీలు తీసి చేత పట్టుకుని నిలబడ్డారు. మిస్ ఇసిల్డా అద్దం దించమంది. ‘‘అరిటాకు రంగు ఉందా?’’ అని అడిగింది. ‘‘ఉందమ్మా,’’ అన్నాడు ఎవర్టన్.

కాసేపటికి బండ్లు లాంగ్ బే వైపు సాగిపోయాయి. వెనక ఆ బాదం చెట్టుకింద రెండు మొద్దుల మీద, ఎగ్బర్ట్ ఒక ఆదివారం మేకులు దిగ్గొట్టి అమర్చిన పాత పడవ పలక, ఇద్దరు కూర్చునేంత వెడల్పుది, సముద్రం వైపు తిరిగి అలాగే ఉంది.